గడ్డివాములో ఎక్స్‌వింగ్

పది రోజులుగా మేము కింద కూర్చునే అన్నం తింటున్నాం. డైనింగ్ టేబుల్ మీద ఒక యుద్ధవిమానం తయారవుతున్నది మరి. ఇంజనీరింగ్ ఆఖరు ఏడాది చదివే నా బిడ్డ స్టార్ వార్స్ సినిమాలోని ఎక్స్‌వింగ్ ఫైటర్ బొమ్మను చేస్తున్నది. కిట్ కొనలేదు. పీవీసీ పైపు ముక్కను చెక్కి ముక్కు చేసింది. ఎండిపోయిన మార్కర్ పెన్నుల గొట్టాలు నాలుగు ఇంజన్లయినాయి, రీఫిల్లులు లేజర్ తుపాకులయినాయి. పాత రేడియో బోర్డు నుంచి ఊడదీసిన ముక్కలు వీపు మీద యంత్రాల్లా కుదురుకున్నాయి. రెక్కలు నాలుగు. మూస్తే రెండే అనిపిస్తాయి. తెరిస్తే ఎదురుగా నిలబడ్డవాళ్లకు ఇంగ్లిష్ ఎక్స్ అక్షరం.

ఆదివారం సాయంత్రం మా తమ్ముడు వచ్చాడు. డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్తాడు. హన్మకొండలో స్థిరపడి ఇన్నేళ్లయినా మా అక్కాతమ్ముళ్ల మనసు జనగామ దిక్కున్న మా ఊళ్లోనే ఉంటుంది, వాడికైతే మరీను. ఆ సాయంత్రం మేనమామకూ మేనకోడలికీ మధ్య మొదలైన మాట రాత్రి తొమ్మిదిన్నర దాకా సాగింది. ఇద్దరి మాటా తీసేయదగ్గది కాదనిపించి, గుర్తున్నంత వరకు రాసిపెడుతున్నాను.

నేను టీ తెచ్చేసరికి బిడ్డ తెల్లటి రెక్క మీద స్పాంజితో మచ్చలు వేస్తున్నది.

తమ్ముడు: ఇంత మంచిగ రంగేసి మళ్ల ఎందుకు ఖరాబు చేస్తున్నవు బిడ్డా?

బిడ్డ: ఖరాబు చేస్తలేను మామా, పాతబడేటట్టు చేస్తున్న. చూడు, స్పాంజి ముక్కను రంగుల ముంచి పేపర్ మీద అద్దుకుంట పోవాలె. ఇగ రంగేం మిగల్లేదు అన్నంక రెక్క అంచు మీద ఒత్తాలె. పెచ్చులూడినట్టు పడుతది. అంచుకే ఎందుకంటే, తాకేది, రాసుకునేది అక్కడనే గద. మన స్కూటీకి కూడ హ్యాండిల్ కొసలకే గీతలుంటయి. ఎక్స్‌వింగ్ తళతళ మెరిస్తే అది ఎక్స్‌వింగే కాదు. తిరుగుబాటుదారుల బండి ఇది.

తమ్ముడు: నాకు ఆ మాటతోనే పేచీ. తిరుగుబాటుదారులకు యుద్ధవిమానం ఏంది?

బిడ్డ: సామ్రాజ్యం మీద కొట్లాడుతున్నరు. కొట్లాట ఆకాశంల ఉన్నది. విమానం లేకుంటే ఎట్ల?

తమ్ముడు: మన దిక్కు జరిగిన కొట్లాట చెప్త, విను. 1946 జూలై 4 నాడు కడవెండిల దొడ్డి కొమురయ్య తుపాకి గుండుకు పడిపోయిండు. ఆనాడు జనం చేతుల్ల ఏమున్నయి? గుత్పలు. దాని తర్వాత వడిసెలలు. ఆడోళ్లు కారంపొడి పట్టుకున్నరు. బైరాన్‌పల్లిల బురుజెక్కి వడిసెలలు తిప్పి రజాకార్లను నిలేసిండ్రు. 1948 ఆగస్టు 27 నాడు వాళ్లు ఫిరంగులు తెచ్చి ఊరును ఊచకోత కోసిండ్రు. ఆ బురుజు ఇప్పటికీ ఉన్నది, పోదాం రా, చూపిస్త. ఇగ విమానం ఎవరికి ఉండె? నిజాంకు ఉండె. సిడ్నీ కాటన్ అని ఆస్ట్రేలియా ఆయన, లాంకాస్ట్రియన్ విమానాలల్ల కరాచీ నుంచి నిజాం కొరకు తుపాకులు మోసుకొచ్చిండు. సెప్టెంబర్ 13 నాడు యూనియన్ ఫౌజు లోపలికి వచ్చింది, మీద టెంపెస్ట్ విమానాలు వచ్చినయి. అవి ఢిల్లీ సర్కారువి. ఐదు రోజుల్ల నిజాం లొంగిపోయిండు. ఆ ఫౌజు అక్కడ ఆగిందా? 1951 దాకా కొట్లాడినోళ్ల మీదికే పోయింది. ఆకాశం చేతులు మారింది గాని, ఒక్క దినం కూడ జనం చేతికి రాలే.

ఈ చివరి మాట అన్నాక వాడు టీ గ్లాసు ముట్టుకోలేదు. ఎందుకో నాకు తెలుసు. ఆ కాలానికి మా బాపు పదిహేనేళ్ల పోరడు, కొట్లాటలో ఉన్న సంఘం వాళ్లకు చీటీలు మోసేవాడు. బతికున్నన్నాళ్లూ విమానం చప్పుడు వినిపిస్తే మాట ఆపి, తల పైకెత్తి, అది దాటిపోయాకే మళ్లీ మాట్లాడేవాడు. మా పిల్లకు తాత మొహం గుర్తులేదు. తమ్ముడికి ఆ తలెత్తి చూడడమే ముందు గుర్తొస్తుంది.

బిడ్డ: అంటే విమానమంటేనే సర్కారుది అంటవు.

తమ్ముడు: అంట. రన్‌వే కావాలె, పెట్రోల్ కావాలె, సామాన్లు కావాలె, నడిపేటోనికి ఏండ్ల కొద్ది నేర్పాలె. మామునూరు చూడు. 1930ల నిజాం పెట్టిన ఎయిర్‌ఫీల్డ్. నా చిన్నప్పటి సంది ఇగ విమానం వస్తది, అగ వస్తది అంటనే ఉన్నరు. మళ్ల కేంద్రం సరే అనేటాలకు 2025 ఫిబ్రవరి వచ్చింది. సర్కారు పనికే ఇన్నేండ్లు పడితే, అడవిల తలదాచుకున్నోనికి ఫైటర్ ఎక్కడికెళ్లి వస్తది?

బిడ్డ: ఆ బొమ్మ గీసినోళ్లు కూడ ఇదే అడిగినట్టుంది మామా. ఎక్స్‌వింగ్‌కు రన్‌వే వద్దు. ఉన్నకాడ్నే నిలువుగ లేస్తది. సినిమాల వాళ్లు దాక్కున్న యావిన్‌ల దాన్ని పెట్టింది ఎక్కడ అనుకున్నవు? అడవిల పడావు పడ్డ పాత గుడిల. మన వెయ్యి స్తంభాల గుడిల మండపం కింద దాసినట్టు. ఇంకోటి చెప్త, ఇది నాకు అన్నిటికంటె ఇష్టమైన సంగతి. సామ్రాజ్యానికి టై ఫైటర్ అని ఉంటది. దానికి షీల్డు ఉండదు, హైపర్‌డ్రైవ్ ఉండదు. అంటే తూటా తాకితే అంతే, దూరం పోవాలంటే సొంతంగ పోలేదు. ఎక్స్‌వింగ్‌కు రెండూ ఉంటయి. ఎందుకు చెప్పు?

తమ్ముడు: నువ్వే చెప్పు.

బిడ్డ: రాజ్యానికి ప్రతి చోట ఠాణా ఉంటది. టై ఫైటర్‌ను పెద్ద ఓడ మోసుకొస్తది, మళ్ల మోసుకపోతది. పైలట్ సస్తే ఇంకొకడు వస్తడు, షీల్డు ఖర్చు దండుగ. తిరుగుబాటుదారులకు ఒక్కొక్క మనిషి దొరుకుడే కష్టం. ఆ మనిషి బతికి రావాలె, అందుకే షీల్డు. ఠాణా దొరికిపోతే ఎవరికి వాళ్లు, ఎటు దొరికితే అటు పారిపోవాలె, అందుకే ప్రతి బండికి హైపర్‌డ్రైవ్. మెషిన్ జూసి వాళ్ల రాజకీయం చెప్పొచ్చు మామా. నాకు మెషిన్ డిజైన్ క్లాసుల కూడ ఇట్ల ఎవరు చెప్పలే.

తమ్ముడు: ఇది మంచిగున్నది. కాదన.

తమ్ముడు అంత తొందరగా ఒప్పుకోడు. ఆ మాట అన్నాకే టీ తాగాడు. ఆ తర్వాత కాసేపు వాళ్ల మాట పోట్లాట నుంచి పక్కకు జరిగి, బొమ్మ ఎట్లా పుట్టిందన్న దాని మీదికి పోయింది. 1977 మే 25న సినిమా వచ్చింది. దానికి ముందు కోలిన్ కాంట్‌వెల్ అనే ఆయన దీని మొదటి రూపం చేశాడు. ఇంగ్లండులో కల్లు దుకాణం లాంటి చోట గోడకు వేలాడే గురి పలక మీదికి విసిరే డార్టు ఆయనకు ఈ ఆకారం ఇచ్చిందట. తర్వాత జో జాన్‌స్టన్ దాన్ని దిద్దాడు. మాడల్ చేసినవాళ్లు దుకాణంలో దొరికే ట్యాంకుల, ఓడల, కార్ల ప్లాస్టిక్ కిట్లు విప్పి, ఆ ముక్కలనే ఒంటి నిండా అతికించారు. నా బిడ్డ రేడియో బోర్డుతో చేసింది అదే పని. అట్లాంటి మాడల్ ఒకటి, ఇరవై అంగుళాలది, గ్రెగ్ జైన్ అనే మాడల్ మేకర్ చనిపోయాక ఆయన సామాన్లలో బయటపడింది. 2023లో వేలంలో 31 లక్షల 35 వేల డాలర్లకు పోయింది.

తమ్ముడు: తిరుగుబాటు బొమ్మను అంత పైసలు పెట్టి కొన్నోడు ఏ దిక్కు మనిషై ఉంటడో ఆలోచించు.

బిడ్డ: కొన్నోడు ఎవరైతేంది? చేసినోళ్లు అంత పైసలతోని చెయ్యలే.

తమ్ముడు: సరే. ఆకాశంల ఆ కొట్లాట ఎక్కడికెళ్లి తెచ్చిండ్రు, అది చెప్పు. నేను ఒకసారి చూసిన, నాకు పాత యుద్ధం సినిమా లెక్కనే అనిపించింది.

బిడ్డ: అవును, అక్కడికెళ్లే తెచ్చిండ్రు. జార్జ్ లూకాస్ రెండో ప్రపంచ యుద్ధం విమానాల సినిమాలు ముక్కలు ముక్కలు కోసి అతికించి, మాకు గిట్ల కావాలె అని తన మనుషులకు చూపించిండు. ఆఖరి దాడి ఉన్నది గద, లోయ లెక్క గాడిల దూరి పోయి, రెండు మీటర్ల రంధ్రంల టార్పెడో వేసేది, అది 1955ల వచ్చిన డ్యామ్ బస్టర్స్ సినిమాల బ్రిటిష్ విమానాలు జర్మనీ డ్యాముల మీద బాంబులేసిన తీరు. 1964ల వచ్చిన 633 స్క్వాడ్రన్‌ది కూడ ఉన్నది.

తమ్ముడు: చూసినవా? సర్కారు వైమానిక దళం చేసిన పనిని తెచ్చి తిరుగుబాటుదారుల ఖాతాల రాసిండ్రు. అది నా పేచీ. జనం కొట్లాట అంటే జనం కొట్లాట లెక్క ఉండాలె. ఈ సినిమా చూసిన పోరడు ఏమనుకుంటడు? వాళ్ల దగ్గర విమానముంటే మన దగ్గర ఇంకా మంచి విమానముండాలె, గురి సూటిగ ఉండాలె, గెలుస్తం అనుకుంటడు. బైరాన్‌పల్లి గురి తప్పి ఓడిపోలేదు బిడ్డా.

బిడ్డ: లూకాస్ ఆ తిరుగుబాటుదారులను ఎవరిని చూసి రాసిండో తెలుసా? 2018ల జేమ్స్ కామెరాన్‌తోని మాట్లాడుకుంట తానే చెప్పిండు, వియత్నాం గెరిల్లాలను చూసి అని. సామ్రాజ్యమంటే అమెరికానే అని.

తమ్ముడు: ఇంకా నయం! ఆ గెరిల్లాలకు ఫైటర్ విమానం ఉండెనా? వాళ్లు భూమిలకు సొరంగాలు తవ్వుకున్నరు. మీద తిరిగేది బీ-52. ఆయన మనసుల భూమి కింద దాక్కున్న రైతు ఉన్నడు, తెర మీదికి వచ్చేటాలకు పైలట్ అయిండు. మధ్యల రైతు ఎటు పోయిండు?

ఈ ప్రశ్న దగ్గర మా పిల్ల బ్రష్ కింద పెట్టింది. జవాబు వెంటనే రాలేదు. వచ్చినప్పుడు మాత్రం నేను ఎన్నడూ వినని పేరుతో వచ్చింది.

బిడ్డ: బయాఫ్రా పేరు విన్నవా మామా?

తమ్ముడు: నైజీరియా నుంచి విడిపోతమని కొట్లాడిండ్రు. ఆకలికి లక్షల మంది పోయిండ్రు. 1970 జనవరిల చేతులెత్తేసిండ్రు.

బిడ్డ: వాళ్ల కొరకు స్వీడన్ ఆయన, కార్ల్ గుస్తాఫ్ ఫాన్ రోసెన్, ఐదు చిన్న విమానాలు తీసుకొచ్చిండు. ఎంఎఫ్ఐ-9 అని, ఇద్దరు పట్టే శిక్షణ విమానం. రెక్కల కింద రాకెట్లు బిగించిండ్రు. ఆకుపచ్చ రంగు పూసిండ్రు. చెట్ల కొమ్మల మీదికెళ్లి అంత కిందికి పోయి, 1969 మేల, ఎయిర్‌ఫీల్డ్‌లల్ల నిలబెట్టిన నైజీరియా సర్కారు విమానాలను కొట్టిండ్రు. బయాఫ్రా బేబీస్ అన్నరు వాటిని. లూకాస్ వాటిని చూసిండో లేదో గాని, ఎక్స్‌వింగ్ నిజంగ ఎగిరింది మామా. సినిమాకు ఎనిమిదేండ్ల ముందే ఎగిరింది.

తమ్ముడు: ఎగిరింది. గెలిచిందా?

బిడ్డ: లేదు.

తమ్ముడు: ఆ ఐదు విమానాలు తెచ్చిన పైసలకు ఎన్ని బియ్యం వచ్చునో? నేను తప్పు పడుతలేను, ఫాన్ రోసెన్ అంతకు ముందు అక్కడికి అన్నం మోసినోడే. మన పక్కకే చూడు. 2007 మార్చిల ఎల్‌టీటీఈ చిన్న విమానాలతోని కొలంబో దగ్గర కటునాయకె ఎయిర్‌బేస్ మీద బాంబులేసింది. దానికి ఎయిర్‌ఫోర్స్ ఉన్నది అని మస్తుగ చెప్పుకున్నరు. అదే సంస్థ ఇండ్లల్లకెళ్లి పిల్లలను యుద్ధానికి గుంజుకపోయింది. రెండేండ్లకు మొత్తం ముగిసింది. విమానం చేతికొచ్చిన తిరుగుబాటు తాను కూడ ఒక సర్కారునే అనుకుంటది. కింద ఉన్నోళ్లు దాని కంటికి చిన్నగ కనిపిస్తరు.

బిడ్డ: అది విమానం తప్పా, దాన్ని నడిపినోళ్ల తప్పా?

తమ్ముడు: నాకు తెల్వదు బిడ్డా. పై నుంచి చూసే చూపుల ఏదో ఉన్నది అనుకుంట.

వాడు నిజంగానే తెలియదన్నాడు. క్లాసులో చెప్పే మనిషి నోట ఆ మాట వింటే నాకు వాడి మీద గౌరవం పెరిగింది. బిడ్డ బొమ్మను చేతిలోకి తీసుకుని, పైలట్ కూర్చునే చోటుకు వెనక ఉన్న గుండ్రటి గుంటను చూపించింది.

బిడ్డ: పై నుంచి చూసుడు కాదు, ఇది చూడు. ఇక్కడ ఆర్‌టూ అని చిన్న రోబో కూర్చుంటది. ఎగురుతున్నప్పుడే ఊడిన దాన్ని బిగిస్తది. కొట్లాట నడిమిట్ల పైలట్ ల్యూక్ దాంతోని, అది వదులైంది బిగించు అంటడు. అంటే ప్రతి ఫైటర్ మీద ఒక మెకానిక్ ఉన్నట్టు. ఇంకా వైవింగ్ అని పాత బండి ఉంటది వాళ్లకు. దానికి మొదలు మంచి పైతొడుగు ఉండె. ఎప్పుడు చూసినా రిపేరే, ఎప్పుడు చూసినా విప్పుడు బిగించుడే. మెకానిక్‌లు విసిగిపోయి పైతొడుగే తీసేసిండ్రు. పైపులు, వైర్లు అన్ని బయటికే. నువ్వు రోడ్డు మీద చూడలేదా, బానెట్ లేని ట్రాక్టర్? ఇది పై నుంచి చూసే బండి కాదు మామా, కింద పడుకుని నూనె మొహం మీద పడంగ బిగించే బండి.

తమ్ముడు: ఆ మెకానిక్ పేరు చెప్పు.

బిడ్డ: ఎవరు?

తమ్ముడు: వైవింగ్ పైతొడుగు తీసినాయన. పైలట్ పేరు ల్యూక్, నీకు తెలుసు. రిపేరు చేసినాయన పేరేంది? యావిన్ గుడిల వాళ్లకు అన్నం ఎవరు వండిండ్రు? అక్కడ పెట్రోల్ ఎవరు పోసిండ్రు? మన దగ్గర దళానికి గట్క పోసినందుకు ఆడోళ్లను చింతబరిగెలతోని కొట్టిండ్రు. ఒక్క బువ్వ ముద్ద వెనుక ఒక ఊరుంటది. నీ సినిమాల ముప్పై విమానాలు ఎగిరినయి, సరే. వాటి వెనుక ఊరు ఏది?

బిడ్డ: ముప్పై పోయినయి. తిరిగొచ్చిన ఫైటర్లు మూడే. నువ్వు అది కూడ చెప్పాలె. ఎగిరే ముందు ఒక్కొక్కరు తమ నంబర్ చెప్పి నేను సిద్ధం అంటరు. కొద్దిసేపట్ల ఆ గొంతులు ఒక్కొక్కటి ఆగిపోతయి. మొహం సరిగ్గ చూడకముందే మనిషి పోతడు. నాకు చిన్నప్పుడు ఆ నంబర్లు గుర్తుండెవి. ఇగ ఊరంటవా... ఊరు వచ్చింది మామా. నలభై ఐదేండ్లు పట్టింది, గాని వచ్చింది.

ఆండోర్ సిరీస్ సంగతి చెప్పింది. 2022లో మొదలై 2025లో ముగిసింది. తిరుగుబాటుకు పైసలు ఎవరు సర్దారు, ఎవరి ఇంట్లో ఎవరు దాక్కున్నారు, ఎవరు ఎవరిని పట్టించారు, అంతా అదే. యుద్ధవిమానాల కొట్లాటలు తక్కువ. రెండో భాగం మొదట్లోనే హీరో సామ్రాజ్యపు కొత్త ఫైటర్‌ను దొంగిలించబోయి, ఏ మీట ఏమిటో తెలియక గోడలకు తగిలిస్తాడు. అందులో ఫెరిక్స్ అనే గ్రహం మీద ఒక ఊరు ఉంది. పాత ఓడలు విడదీసి ఇనుము అమ్ముకునే ఊరు.

బిడ్డ: ఆ ఊళ్లె పొద్దున, సాయంత్రం ఒకాయన బురుజు మీదికెక్కి రెండు సుత్తెలతోని ఇనుప దాగలి మీద కొడతడు. ఊరికి అదే గంట. మనిషి సస్తే బూడిదను ఇటుక చేసి గోడల పెడతరు. హీరోను పెంచిన తల్లి సచ్చిపోయినప్పుడు ఊరంత బ్యాండు కొట్టుకుంట శవయాత్ర లెక్క నడుస్తది. సైన్యం అడ్డం వస్తది. ఇగ ఆ తల్లి ఇటుకతోనే ఒకాయన వాళ్లల్ల ఒకణ్ణి కొడతడు.

తమ్ముడు: ఇటుకతోనా?

బిడ్డ: ఆ తల్లి ఇటుకతోనే.

తమ్ముడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఆ భాగం ఫోన్‌లో చూపించమన్నాడు. ముగ్గురం చిన్న తెర మీద చూశాం. బ్యాండు మొదలైన చోట మా వాడు నన్ను చూశాడు. మా ఊళ్లో డప్పు ముందు నడవకుండా ఎవరి శవమూ లేవదు. నాకు అప్పుడు మేడారం గుర్తొచ్చింది. అక్కడి సమ్మక్క, ఆమె బిడ్డలు కాకతీయుల సైన్యం మీద నిలబడినవాళ్లు. కొడుకు జంపన్న నెత్తురు పారిన సంపెంగ వాగు ఆయన పేరుతోనే జంపన్న వాగైంది. ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా జనం అక్కడికి తెచ్చుకునేది సమ్మక్క కత్తిని కాదు. చిలుకలగుట్ట నుంచి కుంకుమ భరిణె వస్తుంది, దానికోసం లక్షల మంది రెండేళ్లకోసారి నిలబడతారు. తమ్ముడు చెప్పే మాట నాకు ఈ దారిలో అర్థమవుతుంది.

తమ్ముడు: ఇది తీసినోనికి కొట్లాట అంటే ఏందో తెలుసు. కాని బిడ్డా, ఈ భాగంల నీ ఎక్స్‌వింగ్ లేదు. ఎక్స్‌వింగ్ లేకుంటేనే ఊరు కనిపించింది. నా మాటనే గెలిచింది.

బిడ్డ: ఒప్పుకోను. ఊరును చూసినంక ఎక్స్‌వింగ్‌ను చూస్తే ఇంకో తీరు కనిపిస్తది. ఇప్పుడు దాని మీది గీతల వెనుక ఎవరున్నరో తెలుస్తది. నువ్వు ఒకటి తీసి ఇంకోటి పెట్టుమంటున్నవు. నేను రెండు ఒక్క కథల కావాలె అంటున్న. మన తెలుగుల కావాలె అంటున్న.

తమ్ముడు: మనోళ్లు తీసిండ్రు గద, కల్కి.

బిడ్డ: చూసినవా?

తమ్ముడు: 2024 జూన్‌ల, వచ్చిన వారమే. నాకు బుజ్జి నచ్చింది.

బిడ్డ: అందరికీ బుజ్జే నచ్చింది. ఆరు టన్నుల బండి. మహీంద్రా ఇంజనీర్లు, కోయంబత్తూరుల జయెం ఆటోమోటివ్స్ కలిసి నిజంగనే రోడ్డు మీద నడిచేటట్టు చేసిండ్రు. ముందల రెండు చక్రాలు, వెనుక ఒక్కటే. కీర్తి సురేశ్ గొంతు. ఒక తెలుగు సినిమా కొరకు అట్లాంటి మెషిన్ చేసిన్రంటే నాకు ఇప్పటికీ ఛాతీ ఉబ్బుతది. కాని మామా, బుజ్జి ఎవరిది?

తమ్ముడు: ప్రభాస్‌ది. భైరవది.

బిడ్డ: భైరవ ఎవరు? పైసలకు మనుషులను పట్టిచ్చేటోడు. కాంప్లెక్స్ లోపలికి పోయి సుఖంగ బతకాలె అనుకునేటోడు. తిరుగుబాటుదారులు శంబలల ఉన్నరు. శంబలోళ్ల బండి పేరేంది?

తమ్ముడు ఆలోచించాడు. నేనూ ఆలోచించాను. ఇద్దరికీ రాలేదు.

బిడ్డ: నాకు కూడ గుర్తులేదు. నాకు మెషిన్ల పిచ్చి, నాకే గుర్తులేదు. కాశీల కిరాయికి మనుషులను పట్టేటోని బండికి ముద్దుపేరుంది, గొంతుంది, అలుగుడుంది. కడుపుతోని శంబలకొచ్చిన తల్లిని కాపాడేటందుకు ఊరు ఊరే ప్రాణం పెట్టింది, ఆ ఊరి బండి పేరు ఎవరికీ గుర్తులేదు. సినిమా నాకిష్టం మామా, అందుకే బాధ.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పుకోవాలి. మా ఊళ్లో ఎద్దుకు పేరుండేది. ఇప్పుడు ట్రాక్టర్ ముందు బిడ్డ పేరో, అమ్మవారి పేరో రాయనిదే పొలంలో దించరు. వరంగల్ ఆటోల వెనకాల చదువుకుంటూ పోతే ఒక్కొక్క ఇంటి సంగతి తెలుస్తుంది. బండికి పేరు పెట్టేది దాని మీద బతుకు ఆధారపడ్డవాళ్లు. కల్కి తీసిన నాగ్ అశ్విన్ ఆ మమకారం తెలిసిన మనిషే, లేకుంటే బుజ్జి పుట్టేది కాదు. ఆ మమకారం శంబల దాకా పోవాల్సింది. పోతే, ఆ బండిని బాగుచేసే చేయి కనిపించేది, ఆ చేతికి అన్నం పెట్టే మనిషి కనిపించేది. తమ్ముడు అడిగే ఊరు ఆ దారినే వచ్చేది. నా బిడ్డ యంత్రం గురించి మాట్లాడుతున్నదనీ, తమ్ముడు మనుషుల గురించి మాట్లాడుతున్నాడనీ నేను అప్పటి దాకా అనుకున్నాను. అది నా పొరపాటు.

తమ్ముడు: సరే, నువ్వే రాయి. తెలంగాణల ఒక ఊరు, అది ఏ లోకంలనైనా ఉండని. వాళ్ల దగ్గర నీ ఫైటర్ ఒక్కటే ఒక్కటి ఉన్నది. ఎక్కడ దాస్తవు? గుడి అనకు. గుడికి పొద్దున లేస్తే మనుషులొస్తరు.

బిడ్డ: మీ బాపు వాళ్లు తుపాకులు ఎక్కడ దాసిండ్రు?

నేను: గడ్డివాములో. అడుగున కట్టెలు పరిచి, వాటి మధ్య పెట్టి, పైన గడ్డి వేసేవారట. గడ్డి కొత్తగా గుంజినట్టు కనిపించకూడదని పైపొర పాత గడ్డితోనే కప్పేవారు. బాపు చెప్పేవాడు.

బిడ్డ: వాము ఎంత పొడుగుంటది అమ్మా? ఎక్స్‌వింగ్ పన్నెండు పదమూడు మీటర్లుంటది. రెక్కలు మూసి పెట్టొచ్చు.

తమ్ముడు: నలభై అడుగులు! అంత వాము దొరకే ఉంటది. రెండు వాములు కొసకు కొస కలిపి పెట్టాలె. పక్క పక్క ఇండ్లోళ్లు ఒప్పుకోవాలె. అన్నదమ్ములైతే పాలు పంచుకున్నోళ్లు, మాట్లాడుకోరు. ముందు వాళ్లను కలపాలె.

బిడ్డ: అది రాసుకుంటున్న.

నేను: దిగిన వెంటనే గడ్డిలో పెడతావా? ఇంజన్ కాలుతూ ఉంటుంది. ఎండుగడ్డి అంటుకుంటే ఊరంతా పోతుంది. చల్లారేదాకా వేరే చోటుండాలి.

బిడ్డ: చెరువుల దించుతే? నీళ్లల్ల చల్లారుతది, బయటికి కనిపియ్యది. ల్యూక్ బండి 1980 సినిమాల బురద నీళ్లల్ల మునుగుతది, మళ్ల లేస్తది. కాకతీయుల చెరువు, మంచి లోతు. కట్ట మీద తాటిచెట్లు. తెల్లారగట్ల గడ్డివాముకు తెస్తం.

తమ్ముడు: రాత్రి పూట చెరువు కాడ ఎవరుంటరు?

బిడ్డ: ఎవరుండరు.

తమ్ముడు: ఎందుకుండరు? నీరటి ఉంటడు. తూము కాడ పండుకుంటడు. ఏ చేనుకు ఎంత నీళ్లు పోయినయో చూసేది ఆయన. నీ ఫైటర్ నీళ్లల్ల పడ్డదంటే ముందు మత్తడి కాడ నీళ్లు పెరుగుతయి, అది పట్టుకునేది ఆయనే. ఆయనకు జీతం ఎవరిస్తరు, దొర ఇస్తడా, ఊరిస్తదా? ఇంట్ల ఎంతమంది? ఆయన ఎటు దిక్కు మనిషో తేలకుంటే నీ బండి దిగలేదు బిడ్డా. షీల్డు ఉన్నా దిగలేదు.

బిడ్డ బొమ్మను పక్కకు జరిపి, రంగులంటిన చేతులతోనే నోట్‌బుక్ అందుకుంది. కొత్త పేజీ తిప్పి, పైన "నీరటి" అని రాసి, మామను చూసి అడిగింది.

"ఆయన పేరేం పెడదాం?"